తాతాజీ గారి స్వముఖ ధ్రువీకరణ

“ఇవాళ ఆ ఫోను మోగుద్దత్తా. మోగిందంటే మన కూపను పీకెయ్యడానికే మోగుద్ది, చూస్తూ ఉండు.”

నూకరత్నం ఈ మాట అన్నప్పుడు ఫోను బియ్యం డబ్బా మీద బుద్ధిగా పడుకుని ఉంది. అయినా ఆమె దాని వంక, ఇంట్లోకి దూరిన పామును చూసినట్టు, తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

అత్త పోలమ్మ ఎండుచేపల తలలు గిల్లుతూ, “మోగకముందే ఏడవడం నీకు పుట్టుకతో వచ్చిందే. మోగనీ. అప్పుడు ఇద్దరం కలిసి ఏడుద్దాం,” అంది.

నూకరత్నానికి భయపడడం వాకిలి ఊడ్చడం లాంటిది. పొద్దున్నే లేచి కాస్తయినా చెయ్యకపోతే రోజు మొదలైనట్టుండదు. మొగుడు సూరిబాబు హార్బరులో ఐసు ఫ్యాక్టరీ నుంచి ఆలస్యంగా వస్తే ఐసు దిమ్మ కాలి మీద పడిందనుకుంటుంది. తొందరగా వస్తే పని ఊడిందనుకుంటుంది. వేళకి వస్తే, ఏదో దాస్తున్నాడనుకుంటుంది. ఏడో తరగతి దాకా చదువుకుంది కాబట్టి గోడల మీద అంటించే ప్రభుత్వం వారి కాగితాలన్నీ చదవగలదు. అక్కడితో ఆపేసింది కాబట్టి వాటిలో సగమే అర్థమవుతాయి. మిగతా సగం భయంతో పూరించుకుంటుంది.

ఈ భయాలన్నిటిలో ఒకటి మాత్రం నిజమైనది. దాని పేరు తాతాజీ. కొడుకు. పోయిన మామగారి గుర్తుగా ఆ పేరు పెట్టారు. వయసు రెండున్నర. కళ్లు పెద్దవి, మిగతాదంతా చిన్నది. అంగన్‌వాడీలో తూకం వేసినప్పుడల్లా బరువుల చార్టులో వాడి చుక్క ఎర్రగీతకి కిందే పడుతోంది. “రోజూ గుడ్డూ పాలూ తప్పకూడదమ్మా. వానలు మొదలై జ్వరాలు పట్టుకున్నాయంటే వీడు తట్టుకోలేడు,” అని నర్సమ్మ మొహం మీదే చెప్పింది. పైగా పిల్లాడికి ఇంకా మాటలు రాలేదు. ‘అమ్మ’ లేదు, ‘అత్త’ లేదు. ఏం కావాలన్నా ఆ కళ్లతోనే అడుగుతాడు.

ఐసు మోసే కూలి డబ్బులతో రోజూ గుడ్డూ పాలూ అంటే అయ్యే పని కాదు. అందుకని ప్రభుత్వం వారి ‘చిట్టిబొజ్జ’ పథకం. నెలనెలా ఫోనుకి కూపను వస్తుంది. అది డిపోలో చూపిస్తే గుడ్లు, పాల ప్యాకెట్లు, రాగిపిండి, వేరుశనగ చిక్కీ ఇస్తారు. నూకరత్నం మళ్లీ కడుపుతో ఉంది కాబట్టి ఆ ఇంటికి రెండు కూపన్లు. ఒకటి తాతాజీది, ఒకటి లోపలున్నవారిది.

కూపను వెనకాలే ఒక ఫోను కూడా వస్తుంది. “సరుకులు మీకు అందాయా? అందితే ఒకటి నొక్కండి, అందకపోతే రెండు నొక్కండి,” అని ఒక ఆడగొంతు, పేరంటానికి పిలిచినంత తియ్యగా అడుగుతుంది. నూకరత్నం ఎప్పుడూ ఒకటే నొక్కింది. గుడ్లు కుళ్లినవి వచ్చిన నెలలో ఒకటి నొక్కింది. పాలు రాని నెలలోనూ ఒకటే నొక్కింది. డిపో తలుపే తియ్యని నెలలో అయితే, మొదటిసారి సరిగ్గా పడిందో లేదోనని మళ్లీ ఇంకోసారి నొక్కింది.

ఎందుకంటే వెనక వీధిలో ఎవరో ఒకావిడ రెండు నొక్కిందట. మర్నాడే జీపు వచ్చిందట. వంటింట్లో మిక్సీ చూసి, “మిక్సీ తిరిగే ఇంట్లో పేదరికం ఎలా తిరుగుతుంది?” అని కార్డు తీసేశారట. ఆవిడ ఎవరో పేటలో ఎవరికీ తెలియదు గానీ, ఆ మిక్సీ ఏ రంగుదో అందరికీ తెలుసు. అందుచేత పేటలో ఆడవాళ్లందరూ ఒకటే నొక్కుతూ వచ్చారు. పక్క పేటల్లోనూ అంతే. జిల్లా సంతృప్తిలో రాష్ట్రానికే మొదటిదైంది. ఆఫీసర్లకు సన్మానం చేసి శాలువాలు కప్పారు.

ఆ శాలువాల దగ్గరే చిక్కొచ్చింది. సన్మాన సభలో, పైనుంచి వచ్చిన బాగా చదువుకున్న ఒక పెద్దాయనకి సందేహం పుట్టిందట.

“ఈ ఒకట్లు నొక్కింది ఎవరు?”

“తల్లులండి.”

“గుడ్డు తిన్నది ఎవరు?”

“పిల్లలండి.”

“తిన్నవాళ్లని వదిలేసి, తిననివాళ్లని అడగడమేమిటి?”

సభ నిర్ఘాంతపోయిందట. ఇంతకాలం ఇంత చిన్న సంగతి తమకి తట్టనందుకు కొందరు శాలువాలు సర్దుకుని తలలు వంచుకున్నారట.

వారం తిరక్కుండా అంగన్‌వాడీ టీచరు వరాలు చేతికి ఉత్తర్వు వచ్చింది. పేట ఆడవాళ్లందర్నీ చాపల మీద కూర్చోబెట్టి చదివింది. “‘సదరు పథకమునందు తల్లి ఇకమీదట మూడవ పక్షముగా పరిగణింపబడును. సరుకులు అందినట్లు లబ్ధిదారుడే స్వముఖముగా ధ్రువీకరించవలెను. అట్లు ధ్రువీకరించనిచో తదుపరి కూపను నిలుపుదల చేయబడును.’” చదివి, ఎవరి మొహమూ చూడకుండా కాగితం మడిచేసింది.

“అంటే ఏంటండి టీచరుగారూ?” అంది నూకరత్నం. సగం అర్థమైంది. అర్థమైన సగమే గుండెల్లో రాయి వేసింది.

“అంటే మీరు చెబితే చెల్లదమ్మా. తాతాజీయే నోరు విప్పి, ‘అందింది’ అని చెప్పాలి.”

“మావోడికి మాటలు రావు కదండి!”

“అదే అడిగానమ్మా మీటింగులో. ‘మాటలు రాకపోవడం కుటుంబ పరిధిలోని అంశం, పథకం పరిధిలోకి రాదు’ అన్నారు.”

పక్కింటి ధనకుమారి కవలల కడుపుతో గోడకి జారబడి కూర్చుంది. “మరి మా లోపలోళ్లు ఎలా చెప్తారండి? బయటికొచ్చి చెప్పి మళ్లీ లోపలికెళ్తారా?” అంది. ఆడవాళ్లు పకపకా నవ్వారు.

“దానికి వేరే ఉత్తర్వు వస్తుందట,” అంది వరాలు, నవ్వకుండా.

ఇదంతా కిందటి వారం సంగతి. అందుకే ఇవాళ నూకరత్నం పొద్దున్నించీ ఫోను వంక అలా చూస్తోంది. మధ్యాహ్నం అది మోగనే మోగింది.

“నమస్కారం, తాతాజీ గారూ!” అంది తియ్యటి గొంతు. “చిట్టిబొజ్జ సరుకులు మీకు అందాయా? అందితే దయచేసి ‘అందింది’ అని స్పష్టంగా పలకండి.”

తాతాజీ గారు ఫోను రెండు చేతులా పట్టుకుని శ్రద్ధగా విన్నారు. విని, దాన్ని నాకారు.

“మీ స్పందన మాకు అర్థం కాలేదు. మరొక్కసారి పలకండి.”

తాతాజీ ఫోను తిప్పి రెండో పక్క నాకాడు.

“నువ్వే చిన్నపిల్లాడి గొంతు పెట్టి చెప్పెయ్యవే!” అని గుసగుసలాడింది పోలమ్మ.

“అమ్మో! గొంతు పట్టేసే మిషనుందంటత్తా. దొంగ గొంతంటే కేసు పెడతారేమో. నన్ను తీసుకుపోతే ఈడికి అన్నం ఎవరు పెడతారు?”

“నేను చచ్చానేంటి?”

“నిన్నూ తీసుకుపోతారు. ఐడియా నీదే కదా!”

ఈలోగా తియ్యటి గొంతు తన పని ముగించింది. “మీ మౌనాన్ని అసంతృప్తిగా పరిగణించడం లేదు. గైర్హాజరుగా పరిగణిస్తున్నాం. ధన్యవాదాలు.”

పేటంతా ఇదే వరస. కాటమ్మ కూతురు ‘అందింది’ అనడానికి బదులు ‘అత్త’ అంది. ఆ పిల్ల అత్తకి సరుకులు అందినట్టు రాసుకున్నారు. ఆ అత్త నంద్యాలలో ఉంటుంది. మరొకళ్ల పిల్లాడు మాట్లాడకుండా తొమ్మిది నొక్కాడు. మర్నాడు పశువుల ఆసుపత్రి నుంచి మనిషి వచ్చి, “గాలికుంటు టీకా ఎవరికండీ వెయ్యాలి?” అని పిల్లాడి వంక అనుమానంగా చూశాడు.

సాయంత్రం నూకరత్నం ఫోనుకి మెసేజీ వచ్చింది. ‘లబ్ధిదారు తాతాజీ స్పందించుట లేదు. కారణము: మృతి, వలస, నిరాసక్తత. వీటిలో వర్తించునది తెలుపగలరు.’

కారణాల్లో మొదటి మాట దగ్గరే ఆమె చదవడం ఆపేసింది. పిల్లాణ్ని లాక్కుని ఒళ్లో వేసుకుని, ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి, పొయ్యిలో పడేసి, అప్పుడు గానీ ఏడుపుకి కూర్చోలేదు. సూరిబాబు వచ్చి మెసేజీ చూశాడు.

“మూడోది నొక్కేద్దామే.”

“నిరాసక్తత అంటే ఏంటి మావా?”

“ఏమో. చచ్చిపోవడం కంటే తక్కువదే అయ్యుంటుంది.”

మూడోది నొక్కారు. తాతాజీ కూపను ఆగిపోయింది. ‘ఆసక్తి కలిగిన వెంటనే పునరుద్ధరింపబడును,’ అని జవాబు వచ్చింది.

కడుపులో వారి ఉత్తర్వు త్వరలోనే వచ్చింది. దాన్ని అమలు చెయ్యడానికి ప్రాజెక్టు ఆఫీసరు ధర్మేశ్వరరావు గారు స్వయంగా అంగన్‌వాడీకి వచ్చారు. మంచి మనిషే. ప్రతి గర్భిణికీ చేతులెత్తి నమస్కారం పెట్టారు. కాకపోతే మొహానికి కాదు, కాస్త కిందికి.

“గర్భస్థ లబ్ధిదారులకు వాక్కు లేదన్న వాస్తవాన్ని ప్రభుత్వం సానుభూతితో గుర్తించింది,” అన్నారాయన. “అయితే వారికి కాళ్లున్నవి. కావున వారి విషయంలో స్వపాద ధ్రువీకరణ. ఈ బెల్టు పొట్టకు కట్టి ప్రశ్న అడుగుతాం. ఒక తన్ను తన్నినచో అందినట్లు. రెండు తన్నినచో అందనట్లు.”

“మూడు తంతేనండి?” అంది కోడలికి తోడొచ్చిన పోలమ్మ.

ఆయన ఆలోచించారు. “మూడవ తన్ను ప్రస్తుతానికి పథకంలో లేదమ్మా.”

మొదట ధనకుమారికి బెల్టు కట్టారు. ఆయన ముందుకి వంగి, “అయ్యా, సరుకులు అందాయా?” అని అడిగారు. లోపలివాళ్లకి ఆ గొంతు ఎలా వినిపించిందో గానీ కుడిపక్క ఒకరు, ఎడంపక్క ఒకరు తన్నారు. మిషను మీద ఎర్రలైటు వెలిగింది.

“అసంతృప్తి!” అన్నారాయన, కుర్చీ వెనక్కి జరిపి.

“ఇద్దరున్నారండి లోపల! తలా ఒకటీ తన్నారండి!”

“ఇద్దరని నమోదైందా?”

“పుట్టాక అవుతారు కదండి.”

“అయితే పుట్టేదాకా ఒక్కరే. ఒక్కరే రెండు తన్నారు. విచారణ జరగవలసిందే.” ధనకుమారి కూపను అక్కడికక్కడే ఆపేశారు. విచారణ పూర్తయ్యేదాకా లబ్ధిదారు ఊరు విడిచి వెళ్లకూడదని కూడా చెప్పారు. ఆమె వచ్చే వారం పురిటికి పుట్టింటికి వెళ్లాలి.

తర్వాత నూకరత్నం. బెల్టు కట్టారు. అడిగారు. కదలిక లేదు. మళ్లీ అడిగారు. లేదు. నూకరత్నం మొహం సున్నం కొట్టినట్టయిపోయింది. కూపను సంగతి ఆమెకి ఆ నిమిషాన గుర్తే లేదు.

“నిద్రలో ఉన్నట్లున్నారు. లేపండి,” అన్నారాయన.

పోలమ్మ కొంగు బిగించింది. “పొద్దున్నించీ లైనులో నిలబెట్టారు కదండీ సారూ! పిల్లది పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. పైనోళ్లు తింటే కదండి లోపలోళ్లు కదిలేది!”

ధర్మేశ్వరరావు గారికి ఇది కొత్త సమాచారం. “తల్లి తింటే బిడ్డకు చేరుతుందా? ఆసక్తికరంగా ఉంది,” అని పక్కనున్న వాళ్లకి చెప్పారు. నర్సమ్మ గబగబా బెల్లం నీళ్లు కలిపి తాగించింది. కాసేపటికి పొట్ట మీద చిన్న గుబ్బలా ఎత్తి, ఒక తన్ను. పచ్చలైటు. రెండోది పడుతుందేమోనని గదిలో అందరూ ఊపిరి బిగబట్టారు. పడలేదు. చప్పట్లు కొట్టారు. ఆయన పొట్టకి మళ్లీ నమస్కారం పెట్టి, “మీ సహకారానికి ధన్యవాదాలండి,” అన్నారు.

అలా లోపలివారి కూపను నిలబడింది. గుడ్లు ఇంటికొచ్చాయి. డిపో దగ్గరే వరాలు చెప్పింది, “ఇవి నువ్వే తినాలి రత్నం. నీకు రక్తం తక్కువుంది. పెద్దాడికి పెట్టావంటే దాన్ని ‘దారి మళ్లింపు’ అంటారు. రెండు కూపన్లూ పోతాయి.”

నూకరత్నం తలుపు గడియ పెట్టి గుడ్డు ఒలిచింది. తాతాజీ ఎదురుగా కూర్చుని ఆ గుడ్డు వంకే చూశాడు. ఆమె సగం తుంచి వాడి నోట్లో పెట్టింది. మిగతా సగం తను తినబోయి, మళ్లీ అందులో సగం వాడికే పెట్టింది. అప్పుడు భయం పట్టుకుంది. గోడలకి చెవులుంటే తట్టుకోవచ్చు, ఇప్పుడు కడుపుకే నోరొచ్చింది. లోపలున్నది అంతా వింటోంది. రేపు బెల్టు కట్టినప్పుడు ఏ కాలు ఝాడిస్తుందో!

“నువ్వేం చూళ్లేదు,” అంది పొట్ట మీద చెయ్యి వేసి. “వాడు నీ అన్న. అందరం మనోళ్లమే. వాళ్లు అడిగితే ఒక్కటే తన్నమ్మా, నీ కాళ్లు మొక్కుతాను.”

చూసిందీ లేనిదీ తెలియదు గానీ, ఒక గుడ్డు రెండు ప్రాణాలకి చాలడం లేదన్నది తూకం చెప్పింది. వాన మొదలైంది. తాతాజీకి జ్వరం వచ్చి తగ్గింది. తగ్గేటప్పుడు తనతో పాటు కాస్త ఒళ్లు కూడా తీసుకుపోయింది. “ఇంకొంచెం తగ్గాడంటే పెద్దాసుపత్రిలో చేర్చాల్సిందే,” అంది నర్సమ్మ. “ఆ కూపనేదో త్వరగా తెప్పించుకో.”

తెప్పించే ఏర్పాట్లు ప్రభుత్వం కూడా ముమ్మరంగా చేస్తోంది. జిల్లా అంతటా మాటలు రాని పిల్లల కూపన్లు ఆగిపోయాయి కాబట్టి గుడ్ల డబ్బు మిగిలిపోయింది. మిగిలిన డబ్బు వెనక్కి పంపితే నామర్దా. అందుకని ఆ డబ్బుతో ‘వాగ్వికాస మాసోత్సవం’ ప్రకటించారు. పిల్లలకి మాటలు రావడానికి మన ఇళ్లల్లో వసకొమ్ము అరగదీసి నాలుక్కి రాస్తారు కదా, ఆ వసకొమ్ములు లారీల్లో తెప్పించారు. గుడ్లు ఇచ్చే డిపోలోనే, గుడ్ల అరలోనే, వసకొమ్ములు పేర్చారు.

ధర్మేశ్వరరావు గారు ఒక శిక్షకురాలిని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిరుగుతూ నూకరత్నం ఇంటికీ వచ్చారు. వసకొమ్ము చూసి పోలమ్మ నొసలు చిట్లించింది. “పురిటి నీళ్లనాడే రాశానండి దీన్ని. మావోడికి పనిచెయ్యలేదు.”

“మీరు రాసింది వ్యక్తిగతంగా. ఇది ప్రభుత్వపరంగా,” అన్నారాయన ఓపిగ్గా.

శిక్షకురాలు తాతాజీ ముందు మఠం వేసుకుని కూర్చుంది. “బాబూ, అందింది అను. అం... దిం... ది.” తాతాజీ ఆమె నోట్లోకి చూశాడు. నోట్లో ఏమీ లేకపోయేసరికి మొహం తిప్పుకున్నాడు.

“పిల్లలకి ముందు ‘అమ్మ’ వస్తుంది కదండి. అది వస్తే ఆ వెనకే అన్నీ వస్తాయేమో,” అంది నూకరత్నం, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని. ఈ రెండున్నరేళ్లూ ఆమె ఎదురుచూసింది ఆ మాట కోసమే.

ధర్మేశ్వరరావు గారు జాలిగా చూశారు. “చూడమ్మా. మొదటి మాట ‘అమ్మ’ అయితే అది మీ కుటుంబ వ్యవహారం. మొదటి మాట ‘అందింది’ అయితే అది జిల్లా విజయం. వసకొమ్ము ప్రభుత్వానిది అయినప్పుడు మాట మీ ఇంటిది ఎలా అవుతుంది? క్రమం తప్పవద్దు.”

మాసోత్సవం బాగానే పనిచేసింది. అంగన్‌వాడీలో పిల్లలు పొద్దున్నించీ సాయంత్రం దాకా ‘అందింది అందింది’ అని అరుస్తున్నారు. కాకిని చూస్తే అందింది. ఆకలేస్తే అందింది. ఒకడు గుమ్మం మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయి, “అందిందీ...” అని గుక్క పట్టి ఏడ్చాడు. కూపన్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. కాకపోతే గుడ్ల డబ్బు కొమ్ములకి ఖర్చయిపోయింది కాబట్టి, వచ్చిన కూపన్లకి డిపోలో వసకొమ్ములే ఇచ్చారు. గుడ్లు వచ్చే విడత నుంచి ఇస్తామన్నారు. అయితే ఆ విడతలో పేరుండాలంటే ‘అందింది’ అన్న పిల్లలై ఉండాలి.

నెల తిరిగేసరికి జిల్లాలో అందరు పిల్లలూ అనేశారు, ఒక్క తాతాజీ తప్ప.

“జిల్లాలో మిగిలిన ఏకైక మౌనం మీ ఇంట్లో ఉందమ్మా,” అన్నారు ధర్మేశ్వరరావు గారు, నూకరత్నం దాన్ని చీర కింద దాచుకున్నట్టు. “సంపూర్ణ ధ్రువీకరణ సభకి రాష్ట్రం నుంచి డైరెక్టరుగారు వస్తున్నారు. ఆమె సమక్షంలో చివరి ధ్రువీకరణ జరగాలి. జరిగితే మీ కూపను అదే వేదిక మీద, ఆమె చేతుల మీదుగా. జరగకపోతే లబ్ధిదారుల జాబితా మూసేస్తాం. మళ్లీ తెరిచేది వచ్చే ఏడాదే.”

వచ్చే ఏడాది దాకా గుడ్డు లేకుండా తాతాజీ ఉంటాడా అన్నది నూకరత్నం అడగలేదు. అడిగితే జవాబు చెబుతారేమోనని భయం.

సభకి ముందురోజు ఆమె వరాలు ఇంటికెళ్లి కాళ్ల మీద పడబోయింది. వరాలు పట్టుకుని లేవదీసింది. “నాతో అయ్యేది చేస్తానే. మైకు దగ్గర నేనే నిలబడతాను. వాడు ‘అం’ అన్నా చాలు, మిగతా దానికి నేను దగ్గేస్తాను.”

సభ చేపల వేలం షెడ్డులో పెట్టారు. తెల్లారుజామునే ఫినాయిలు పోసి కడిగారు. చేపల వాసన పోలేదు, ఫినాయిలు వాసన తోడైంది. వేదిక వెనక పెద్ద గుడ్డు బొమ్మ, దానికి మెరుపుల లైట్లు. డైరెక్టరుగారు నూలు చీర కట్టుకుని, ప్రశాంతంగా, అందరి మాటలూ వింటున్నారు. ధర్మేశ్వరరావు గారు మైకు అందుకున్నారు.

“ఒకప్పుడు మనం తల్లుల మాట నమ్మేవాళ్లం. ఆ చీకటి రోజులు పోయాయి. ఇవాళ లబ్ధిదారే గొంతెత్తుతున్నాడు. పుట్టినవాడు నోటితో, పుట్టబోయేవాడు కాలితో ఈ పథకాన్ని ఆశీర్వదిస్తున్నాడు. ఇక మిగిలింది ఒకే ఒక్క గళం. శ్రీ తాతాజీ గారిని వేదిక మీదికి సాదరంగా ఆహ్వానిస్తున్నాం!”

నూకరత్నం పిల్లాణ్ని చంకనేసుకుని ఎక్కింది. పొట్ట అడ్డం పడుతోంది. తాతాజీని పెద్ద కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీలో వాడు కనబడలేదు. కింద ఫైళ్లు పేర్చి వాటి మీద కూర్చోబెట్టారు. మెళ్లో బంతిపూల దండ వేస్తే బరువుకి ముందుకి తూలాడు. దండ తీసి మైకుకి వేశారు. మైకు పక్కన వరాలు గొంతు సవరించుకుని నిలబడింది. కింద జనంలో సూరిబాబు, పోలమ్మ నోళ్లు ఆడిస్తున్నారు, అం... దిం... ది... అని.

ధర్మేశ్వరరావు గారు వాడి ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు. “తాతాజీ గారూ, సరుకులు అందాయా?”

తాతాజీ చూశాడు.

“బాబూ, అందిందా?”

వాడు మైకు చూశాడు, దండ చూశాడు, లైట్ల గుడ్డు చూశాడు.  ‘అం’ వస్తుందేమోనని వరాలు దగ్గు గొంతు దాకా తెచ్చుకుని ఆపుకుంటోంది. ధర్మేశ్వరరావు గారి నుదుటి మీద చెమట పట్టింది. ఆయన అధికార భాష అంతా పక్కన పడేసి, తన ఇంట్లో పిల్లలతో మాట్లాడే గొంతుతో, ఖాళీ అరచెయ్యి చాపి బతిమాలారు.

“గుడ్డు నాన్నా... గుడ్డు... గుడ్డు అందిందా?”

గుడ్డు అన్న మాటకి తాతాజీ కళ్లు ఇంకా పెద్దవయ్యాయి. ముందుకి వంగి, ఆయన అరచేతిలోకి చూశాడు. ఆ చెయ్యి పట్టుకుని తిప్పి వెనకపక్క చూశాడు. రెండో చెయ్యి కూడా తెరిచి చూశాడు. తలెత్తి, మైకులో, షెడ్డు చివరి దాకా వినబడేటంత స్పష్టంగా అన్నాడు.

“ఏదీ?”

నూకరత్నం నోట్లోంచి ఒక కేక వచ్చింది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. కొడుక్కి మాటొచ్చింది! మూగవాడు కాదు! కింద పోలమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేసింది. ఆ సంతోషం ఎంతసేపో ఉండలేదు. తాతాజీ అడిగిందానికి జవాబు రాలేదని మళ్లీ అడిగాడు.

“ఏదీ?”

డైరెక్టరుగారు ధర్మేశ్వరరావు గారి వైపు చూశారు. ఆయన లేచి, ప్యాంటు దులుపుకుని, అంగన్‌వాడీల సూపర్‌వైజరు వైపు చూశారు. సూపర్‌వైజరు వరాలు వైపు చూసింది. వరాలు ఆపుకున్న దగ్గు మింగేసి నూకరత్నం వైపు చూసింది. నూకరత్నం కూడా అలవాటు కొద్దీ చూపు పక్కకి తిప్పింది గానీ, ఆ వరసలో ఆమె తర్వాత ఇంకెవరూ లేరు.

అందరూ ఆమె వంకే చూస్తున్నారు. పిల్లాడూ ఆమె వంకే తిరిగాడు. వాడి చెయ్యి చాపే ఉంది. వేళ్లు మరీ సన్నగా ఉన్నాయి. ‘అందింది’ అని తను అంటే, మూడో పక్షమైనా సరే, ఈ పెద్దవాళ్లందరూ నమ్ముతారు. వీడు నమ్మడు. మైకు గరగరమంటోంది. ఆమె వాడి వైపు వంగింది. షెడ్డులో ఎవరూ దగ్గలేదు. 

“రాలేదు నాన్నా,” అంది నూకరత్నం.